ఇరుగింటి మేడమీది సెల్లు టవరు

మన పట్టణములలో నేడు గుడిగోపురముకంటెను నీళ్లట్యాంకుకంటెను ముందుగా కంటబడునది సెల్లు టవరు. 1995వ సంవత్సరము జులై 31వ తేదీన పశ్చిమబెంగాలు ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తానుండి ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖ్‌రామ్‌తో సెల్లుఫోనులో మాటలాడెను. మన దేశమున అదియే మొదటి సెల్లుఫోను సంభాషణ. ఆనాడు ధనికులకు మాత్రమే అందిన ఆ వింతవస్తువు మూడు దశాబ్దములలో కూరలసంచితోపాటు ఇల్లాలి చేతికి వచ్చినది. చేతికి ఫోను వచ్చినకొలదియు మేడలమీదికి టవరులు వచ్చినవి. ఫోనును కన్నబిడ్డవలె చూచుకొనుచున్నాము. టవరును చూచి మాత్రము బెదరుచున్నాము. ఆ బెదురులో నిజమెంత, ఊహ యెంత, ఇల్లాలు తెలిసికొని చేయదగిన పని యేమి అను సంగతులను ఈ వ్యాసమున విచారింపదలచితిమి.

విషయము అల్పమైనది కాదు. ఇరుగింటివారు తమ మేడపై టవరు నిలుపుటకు ఒక కంపెనీతో ఒప్పందము చేసికొందురు. అద్దె వారికి వచ్చును. భయము మాత్రము వీధివారందరికిని వచ్చును. ఒక యింట కడుపుతోనున్న కోడలు, ఒక యింట పొత్తిళ్లలోని బిడ్డ, మరియొక యింట పెద్దజబ్బునుండి తేరుకొనుచున్న అత్తగారు ఉందురు. వీరిని కనిపెట్టి చూచుకొను గృహిణి "దీనివలన మావారి కేమైన నగునా?" అని యడిగినచో ఆమెకు రెండు విధములైన సమాధానములు దొరకును. టవరు నిలుపవచ్చిన మనిషి "ఏమియు కాదమ్మా, మీకు తెలియదు" అని నవ్వి పోవును. పక్కవీధి పెద్దామె "క్యాన్సరు తప్పదు వదినా, ఇల్లు మారుడు" అని గుండె జారునట్లు చెప్పును. ఈ రెండు మాటలలోను లేనిది ఒక్కటే: కొలత. బిడ్డ యొడలు వెచ్చగా తోచినప్పుడు జ్వరమున్నదని యొకరు, లేదని యొకరు వాదులాడుచు కూర్చుండరు. థర్మామీటరు పెట్టి చూతురు. టవరు విషయమునను చేయవలసినది అదియే యని మా అభిప్రాయము.

తరంగములు క్రొత్తవి కావు

టవరునుండి వెలువడునవి రేడియో తరంగములు. ఇవి మనకు నిన్నటి చుట్టములు కావు. 1880వ దశకము చివర జర్మను శాస్త్రజ్ఞుడు హెర్ట్జు వీనిని తన ప్రయోగశాలలో పుట్టించి చూపెను. 1895లో జగదీశచంద్రబోసు కలకత్తాలో తీగ యనునది లేకయే దూరమునున్న గంటను మ్రోగించి చూచువారిని ఆశ్చర్యపరచెను. 1938లో మద్రాసు రేడియో కేంద్రమును, 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రమును వెలసిన నాటినుండి తెలుగువారి యిండ్లకు పాటలను, నాటకములను, వార్తలను మోసికొని వచ్చినవి ఈ జాతి తరంగములే.

సూర్యుని వెలుతురు, పొయ్యి సెగ, ఎక్సురే, రేడియో తరంగము ఇవియన్నియు ఒక్క కుటుంబములోనివే. ఒక్క తల్లి బిడ్డలయినను గుణములు వేరు. ఎక్సురేకు మన శరీరకణములలోని అణువులను చెదరగొట్టు బలము గలదు. అందువలననే అవసరము లేనిదే గర్భిణికి ఎక్సురే తీయరాదని వైద్యులు చెప్పుదురు. సెల్లు తరంగమున కట్టి బలము లేదు. దాని యొక్కొక్క కణికయందలి శక్తి, కంటికి కనబడు వెలుతురు కణిక శక్తిలో కొన్ని లక్షలవ వంతు మాత్రమే. కాబట్టి "రేడియేషను" అను మాట యొక్కటి విని ఎక్సురేను, అణుబాంబును, టవరును ఒకే గాట కట్టుట న్యాయము కాదు.

అంతమాత్రమున దీనికి ఏ గుణమును లేదని చెప్పజాలము. రేడియో తరంగములు మోతాదు మించినచో వేడి పుట్టించును. పెక్కు వంటయిండ్లలో నేడు కనబడు మైక్రోవేవ్ ఓవెను పనిచేయునది ఈ గుణమువలననే. అది కొన్ని వందల వాట్ల శక్తిని ఇనుపపెట్టెలో బంధించి గిన్నెడు కూరపై ప్రసరింపజేయును. అందుచే కూర వేడెక్కును. సెల్లు తరంగములును దానికి దగ్గరి జాతివే. కావున అడుగవలసిన ప్రశ్న "ఉన్నదా, లేదా" అనునది కాదు. "మన గుమ్మము వరకు వచ్చునది ఎంత" అనునది.

దూరమునుబట్టి బలము

దీపమునకు దగ్గరగా కూర్చుండి చదివినచో అక్షరములు స్పష్టముగా కనబడును. దూరముగా జరిగినకొలది మసకబారును. తరంగముల రీతియు అంతే. దూరము రెట్టింపైనచో బలము నాలుగవ వంతగును. మూడురెట్లయినచో తొమ్మిదవ వంతగును.

ఒక లెక్క చూతము. యాంటెన్నా యొక్కటి 20 వాట్ల శక్తిని విడుచుచున్నదనుకొందము. దీపము వెనుక అద్దము పెట్టినట్లు అది తన శక్తినంతయు ఒక దిక్కునకే మరల్చును గనుక, ఆ దిక్కున దాని బలము ఏబది రెట్లగునని తీసికొందము. సూటిగా దాని యెదుట 10 మీటర్ల దూరమున ఒక చదరపు మీటరునకు సుమారు 0.8 వాట్లు పడును. 20 మీటర్ల దూరమున అది 0.2 వాట్లగును. 50 మీటర్లకు పోవునప్పటికి 0.03 వాట్లకు దిగును. గోడలు అడ్డువచ్చినచో ఇంకను తగ్గును. ఒకే దిక్కునకు నాలుగు యాంటెన్నాలున్నచో ఈ అంకెలను నాలుగింట హెచ్చవేయవలెను.

ఇందు గమనింపదగిన విశేష మొకటి గలదు. యాంటెన్నా తన కిరణమును ఇంచుమించు అడ్డముగా, కొంచెము మాత్రమే క్రిందికి వంచి పంపును. దీపము క్రిందనే చీకటి యను సామెత ఇచ్చట అక్షరాల నిజము. టవరు నిలిచిన మేడ క్రింది అంతస్తులలోనివారికంటె, వీధికావల అదే యెత్తున యాంటెన్నాకు ఎదురుగా కిటికీ గలవారికి తరంగము ఎక్కువగా తగులవచ్చును. "మా నెత్తిమీదనే యున్నది" యని దుఃఖించువారును, "మా యింటిమీద కాదుగదా" యని నిశ్చింతగా నుండువారును ఈ సంగతి తెలిసికొనదగును.

ఇక హద్దు సంగతి. అంతర్జాతీయ నిపుణుల సంఘము, ఇంత మోతాదు తగిలిన శరీరపు వేడి సుమారు ఒక డిగ్రీ పెరుగునని లెక్కగట్టి, అందులో ఏబదియవ వంతును జనసామాన్యమునకు హద్దుగా నిర్ణయించినది. మన దేశము 2008లో ఆ హద్దును స్వీకరించినది. ప్రజలలో అలజడి పుట్టగా 2010లో కేంద్రప్రభుత్వము పలు శాఖల ప్రతినిధులతో ఒక సంఘమును నియమించినది. ఆ సంఘము సలహానుబట్టి 2012 సెప్టెంబరు 1వ తేదీనుండి టవరుల హద్దు పదవ వంతునకు తగ్గింపబడినది. అనగా 900 మెగాహెర్ట్జుల తరంగమునకు చదరపు మీటరుకు 4.5 వాట్లుగానున్న హద్దు 0.45 వాట్లయినది. 1800 మెగాహెర్ట్జులకు 0.9 వాట్లయినది. పైని మేము వేసిన లెక్కతో దీనిని పోల్చి చూడుడు. ఏబది మీటర్ల దూరము హద్దునకు చాల లోబడియున్నది. పది మీటర్లలో ఎదురుగానున్న కిటికీ, 900 మెగాహెర్ట్జుల హద్దును దాటగలదు. కావున భయపడవలసిన చోటు లేదనుటయు తప్పే, ప్రతిచోటును భయపడుటయు తప్పే.

శాస్త్రజ్ఞులు చూచినది

వేడి సంగతి సరే, ఏండ్లతరబడి కొద్దికొద్దిగా తగులుచుండిన క్యాన్సరు రాదా అని పలువురు అడుగుదురు. అడుగవలసిన ప్రశ్నయే. 2011 మే నెలలో ఫ్రాన్సులోని లియాన్ నగరమున 14 దేశముల శాస్త్రజ్ఞులు 31 మంది, ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ పక్షమున సమావేశమై, రేడియో తరంగములను "క్యాన్సరు కలిగించుట సంభవము కావచ్చును" అను తరగతిలో చేర్చిరి. దీనికి 2బి యని పేరు. ఈ వార్త మన పత్రికలలో పెద్దయక్షరములతో వచ్చినది. అయితే వారికి ప్రధానాధారము టవరులు కావు. ఫోనును చెవికానించి ఏండ్లపాటు మిక్కిలిగా మాటలాడినవారిపై జరిగిన పరిశోధనలు. మరియు 2బి యనగా "నిశ్చయము" కాదు, "అనుమానము తీరలేదు" అని యర్థము. 1991 మొదలు 2016 వరకు కాఫీ కూడ ఆ తరగతిలోనే యుండి, తరువాత విడుదల పొందినది. సీసము నేటికిని అందే కలదు. కాబట్టి ఆ తరగతి పేరు విని నవ్వనును రాదు, వణకనును రాదు.

టవరుల విషయమై ప్రత్యేకముగా జరిగిన పరిశోధన యొకటి తల్లులు తెలిసికొనదగినది. బ్రిటనులో క్యాన్సరు సోకిన అయిదేండ్లలోపు బిడ్డలను 1397 మందిని, వారికి జోడుగా ఆరోగ్యవంతులైన బిడ్డలను 5588 మందిని తీసికొని, వారి తల్లులు గర్భముతోనున్నప్పుడు టవరులకు ఎంత దగ్గర నివసించిరో, ఎంత తరంగము తగిలియుండునో లెక్కించిరి. 2010లో ఫలితము వెలువడినది. రెండు గుంపులకును తేడా కనబడలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ కోరికపై జరిగి 2024లో వెలువడిన పెద్ద సమీక్షయందును సెల్లుఫోను వాడుకకును మెదడు క్యాన్సరునకును సంబంధము తేలలేదు.

రెండవ పక్షమును దాచుట మాకిష్టము లేదు. 2018లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు ఎలుకలకు రెండేండ్లపాటు, దినమునకు తొమ్మిది గంటలకు పైగా, శరీరమంతటికిని బలమైన తరంగమును తగిలించి, మగ యెలుకల గుండెలో ఒక జాతి కంతులు పెరిగినవని ప్రకటించిరి. విచిత్రమేమనగా తరంగము తగిలిన ఆ యెలుకలే తగులనివానికంటె ఎక్కువకాలము జీవించినవి. అదే సంవత్సరము ఇటలీ పరిశోధకులు టవరు తరంగమును పోలినదానిని దినమునకు 19 గంటలు తగిలించి అట్టి ఫలితమునే మగ యెలుకలలో మిక్కిలి హెచ్చు మోతాదున చూచిరి. ఆ మోతాదు, మన దేశము 2012లో పెట్టిన హద్దునకు సుమారు ఏడురెట్లు. ఇవి కొట్టివేయదగిన సంగతులు కావు. పరిశోధన ఇంకను సాగవలెననుటకు కారణములు. కాని వీనినిబట్టి వీధి చివరి టవరు మన బిడ్డకు రోగము తెచ్చినదని చెప్పుటకు వీలులేదు.

న్యాయస్థానములును ఒక్కమాటపై లేవు. 2006లో కేరళ హైకోర్టు, హాని కలుగునని చూపు ఆధారము లేదని ఒక పంచాయతీ అభ్యంతరమును అంగీకరింపలేదు. 2012లో రాజస్థాన హైకోర్టు పాఠశాలలకును ఆసుపత్రులకును సమీపముననున్న టవరులను తొలగింపుడని ఆజ్ఞాపించినది. 2017లో గ్వాలియరునందు క్యాన్సరు సోకిన యొక సేవకుని మొరనాలకించి సుప్రీముకోర్టు ఒక టవరును ఏడు దినములలో ఆపివేయుడనినది. ఆ ఆజ్ఞ ఆ యొక్క టవరునకు సంబంధించినది. దానిని శాస్త్రము చెప్పిన తుదితీర్పుగా గ్రహింపరాదు.

తలనొప్పికి కారణమేది

టవరు వచ్చిననాటినుండి తలనొప్పి, నిద్రలేమి, నిస్సత్తువ అని చెప్పు సోదరీమణులు కలరు. వారు కల్పించి చెప్పుచున్నారని మేమనము. బాధ నిజమైనది, కారణమేది యనునదే ప్రశ్న.

లండనులోని కింగ్సు కాలేజీ పరిశోధకులు, ఫోను తరంగము తమకు పడదని చెప్పువారిని 60 మందిని, పడునని చెప్పువారిని 60 మందిని కూర్చుండబెట్టి, వారికి తెలియకుండ ఒకమారు నిజమైన తరంగమును, ఒకమారు ఉత్తుత్తి తరంగమును తగిలించిరి. 2006లో ఫలితము ప్రకటింపబడినది. తరంగము పడనివారికి రెండుమారులును తలనొప్పి వచ్చినది; ఏది నిజమో ఏది ఉత్తుత్తిదో వారు గుర్తింపలేకపోయిరి. 2007లో ఎసెక్సు విశ్వవిద్యాలయమువారు టవరు తరంగముతోనే చేసిన పరీక్షయును ఇట్లే ముగిసినది. భయముకూడ తలనొప్పి తేగలదని దీనివలన తెలియుచున్నది. దిష్టి తగిలినదని నమ్మిన తల్లికి బిడ్డ యేడుపంతయు దిష్టిగానే తోచునుగదా!

మాకు ఇందు కనబడు ప్రమాదము వేరు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 మొదలు 49 ఏండ్ల వయసుగల స్త్రీలలో ఆంధ్రప్రదేశమున నూటికి 58.8 మందికిని, తెలంగాణమున నూటికి 57.6 మందికిని రక్తహీనత యున్నట్లు తేలినది. అనగా సగముకంటె ఎక్కువమంది. రక్తహీనతకు లక్షణములేవి? నిస్సత్తువ, తలనొప్పి, కన్నులు తిరుగుట, ఆయాసము. టవరు తెచ్చినదని మనమనుకొను లక్షణములును ఇవియే. టవరును నిందించుచు ఇల్లాలు ఆరునెలలు గడపినచో ఆ యారునెలలును ఆమె రక్తము పరీక్షకు నోచుకొనదు. రక్తపుపోటు, కంటిచూపు, థైరాయిడు ఇవియు అట్లే మరుగుపడును. కావున తలనొప్పి వచ్చిన సోదరి మొదట వైద్యుని చూడవలెను. టవరును కొలిపించుట ఆ తరువాతి పని; ఒకదానికి బదులు మరియొకటి కాదు.

చేతిలోని చిన్న టవరు

మేడమీది టవరునకు భయపడి ఇల్లు మారదలచిన గృహిణి రాత్రి ఫోనును తలగడ క్రింద పెట్టుకొని నిదురించుట వింతగా లేదా? ఫోనుకూడ ఒక చిన్న టవరే. అది విన్నమాటలను అందుకొనుటయే కాక, మన మాటలను తరంగముగా మార్చి వెనుకకు పంపును. తొలితరపు డిజిటలు ఫోనులు గరిష్ఠముగా రెండు వాట్ల వరకు విడిచెడివి. టవరు యాంటెన్నాతో పోల్చిన అది చిన్నదే; కాని టవరు పదుల మీటర్ల దూరమున నున్నది, ఫోనునకును చెవికిని నడుమ అంగుళమైన లేదు. పైని చెప్పిన దూరపు లెక్కను తలచుకొన్నచో, మన తలకు ఎక్కువ తరంగమును తెచ్చునది ఫోనే యని స్పష్టమగును. ఫోను తలకు తగిలించు శక్తికి కిలో యొక్కింటికి 1.6 వాట్లని మన దేశము 2012లో హద్దు పెట్టినది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. టవరు దగ్గరగానున్నచో ఫోను మెల్లగా మాటలాడును. దూరమైనచో గొంతెత్తి అరచును. గదిలోనివారితో మాటలాడుటకును, చెరువు ఆవలిగట్టువారిని పిలుచుటకును గల తేడాయే యిది. సిగ్నలు చాలనిచోట ఫోను తన బలమును వందల రెట్లు పెంచుకొనగలదు. కాబట్టి వీధివారందరు పోరాడి టవరును ఊరవతలికి తరిమినచో, ఆ వీధిలోని ప్రతిఫోనును ప్రతిచెవివద్దను మరింత బలముగా పనిచేయవలసివచ్చును. టవరు తొలగినదని సంతోషించుచు, దానికంటె ఎక్కువదానిని చెవికి హత్తుకొన్నవారమగుదుము.

ఇందుకు విరుగుడు సులభము. దీర్ఘసంభాషణ లాడునప్పుడు స్పీకరు పెట్టుకొనుడు, లేదా చెవితీగ వాడుడు. సిగ్నలు ఒక్కగీత యున్నప్పుడు, లిఫ్టులోను, పరుగెత్తు బస్సులోను అవసరమైన మాటతో ముగింపుడు. రాత్రి ఫోనును మంచమునకు దూరముగా బల్లపై నుంచుడు. ఏడ్చు బిడ్డకు ఫోను ఆటవస్తువుగా ఇయ్యకుడు. తరంగముమాట యటుండ, దానివలన బిడ్డ నిద్రయు ఆటయు చెడును. "రేడియేషను ఆపును" అని అమ్మెడు బిళ్లలకు, స్టిక్కరులకు డబ్బు పోయకుడు. అట్టివి సిగ్నలును అడ్డగించినచో ఫోను మరింత బలముగా పనిచేయునని అమెరికా వాణిజ్యసంఘము ప్రజలను హెచ్చరించియున్నది.

నిజముగా అడుగవలసినవి

ఇంతవరకు చదివిన సోదరి "అట్లయిన టవరు వచ్చిన ఊరకుండవలెనా?" అని యడుగవచ్చును. ఊరకుండవలదు. తప్పుప్రశ్నలు మాని సరియైనవి అడుగవలెను. 2013 ఆగస్టులో కేంద్ర టెలికాం శాఖ రాష్ట్రప్రభుత్వములకు పంపిన సలహాపత్రము ఇందుకు దారి చూపుచున్నది.

మొదటిది, ఎదురుగానున్న కిటికీ. యాంటెన్నాకు సూటిగా, అదే యెత్తున, నియమితదూరములో మరియొక భవనముండరాదు. ఒకే దిక్కునకు చూచు యాంటెన్నా యొక్కటియైన 20 మీటర్లు, రెండైన 35, నాలుగైన 45, ఆరైన 55 మీటర్లు విడువవలెను. మీ మేడనుండి యాంటెన్నా ముఖము సమానమైన యెత్తున కనబడుచున్నచో అడుగులతో దూరము కొలుచుకొనుడు.

రెండవది, మిద్దె. వడియములు పెట్టుటకు, బట్టలారవేయుటకు, అప్పడములు ఎండబెట్టుటకు మిద్దె యెక్కునది స్త్రీ. గాలిపటములతో పరుగెత్తునది పిల్లవాడు. యాంటెన్నా ముందర కొద్దిమీటర్ల చోటే నిజముగా హద్దు మీరు చోటు. అచ్చటికి ఎవరును పోకుండ కంచెయు, తాళమును, హెచ్చరికపలకయు ఉండవలెను. ఇవి లేనిచో వెంటనే అడుగుడు.

మూడవది, జనరేటరు. కరెంటు పోయినప్పుడు టవరును నడుపుటకు డీజిలు జనరేటరు పెట్టుదురు. దాని పొగను ఎవరును లెక్కచేయరు. కాని రేడియో తరంగములను అనుమానపు తరగతిలో పెట్టిన ఆ క్యాన్సరు పరిశోధన సంస్థయే, మరుసటి సంవత్సరము, 2012 జూనులో, డీజిలు పొగను "నిశ్చయముగా క్యాన్సరు కలిగించునది" అను మొదటి తరగతిలో చేర్చినది. కంటికి కనబడని తరంగమునకు వణకుచు, కంటిని మండించు పొగను సహించుట వివేకము కాదు. జనరేటరు చప్పుడు బయటికి రాకుండ మూసియుండవలెను. పొగగొట్టము ఎవరి కిటికీవైపును తిరిగియుండరాదు.

నాలుగవది, కట్టడపు బలము. పాతమేడపై టన్నులకొలది యినుము నిలిపి తుపాను గాలికి విడిచినచో ఏమగునో సముద్రతీరమువారికి చెప్పనక్కరలేదు. భవనము ఆ బరువు మోయగలదని ఇంజనీరు ఇచ్చిన ధ్రువపత్రమును చూపుమని అడుగుడు.

ఐదవది, కొలత. టెలికాం శాఖ 2017 మే నెలలో "తరంగ్ సంచార్" అను పేర ఒక వెబ్‌సైటును ప్రారంభించినది. మీ వీధిలోని టవరు ఎవరిది, హద్దునకు లోబడియున్నదా యనునది అందు చూచుకొనవచ్చును. అంతటితో తృప్తి కలుగనిచో, రుసుము చెల్లించి శాఖ ఉద్యోగులచేత మీ యింటివద్దనే కొలిపించుకొనవచ్చును. ప్రారంభించిననాడు ఈ రుసుము 4000 రూపాయలు. ఒక్క యింటికి భారమైనను, పది యిండ్లవారు కలిసిన ఇంటికి నాలుగువందలు. కొలిచినప్పుడు మీరును దగ్గర నిలిచి, వచ్చిన అంకెను కాగితముపై వ్రాయించి తీసికొనుడు. అంకె హద్దునకు లోబడినచో రాత్రులు నిదుర పట్టును. మించినచో మీ చేత ఆధారముండును. అప్పుడు మీ మాటను నవ్వి త్రోసివేయుట ఎవరితరమును కాదు.

ఎవరు అడుగవలెను

టవరు ఒప్పందముపై సంతకము చేయునది తరచుగా ఇంటి యజమాని, అపార్టుమెంటైనచో సంఘమువారు. ఆ సంఘసభకు మగవారే పోవుదురు, అద్దెవలన నిర్వహణఖర్చు తగ్గునని సమ్మతింతురు. పెక్కు యిండ్లలో పగలంతయు ఆ కప్పు క్రింద నుండునది, మిద్దెపై తిరుగునది, జనరేటరు చప్పుడు వినునది, బిడ్డను నిదురబుచ్చునది స్త్రీ. ఆమెను అడిగినవారు లేరు. టవరు నిలిచిన తరువాత ఆమె భయమును "ఆడవారి భయము" అని తీసివేయుదురు. ముందే ఆమెను సభకు పిలిచి, కాగితములను ఆమె యెదుట పెట్టినచో సగము భయము పుట్టకయే పోవును. మిగిలిన సగము సరియైన ప్రశ్నగా మారును.

కావున మా మనవి యిది. మీ సంఘసభలో టవరు ప్రస్తావన వచ్చుననగానే మీరును వెళ్లుడు. దూరమెంత, ముఖమెటు, కంచె యేది, పొగగొట్టమెటు, కట్టడపు ధ్రువపత్రమేది, కొలత యెప్పుడు అని యడుగుడు. ఈ యారు ప్రశ్నలకు పెద్దచదువు అక్కరలేదు. పాలవానియొద్ద చిక్కదనమును, కిరాణాకొట్టులో తూనికను, దర్జీయొద్ద గుడ్డకొలతను కనిపెట్టు ఇల్లాలికి ఇదియు ఒక కొలతయే. జవాబు రాకున్న సంతకము పడనీయకుడు. జవాబు సరియైనచో పొరుగువారితో పోరు పెట్టుకొనకుడు. మన యిండ్లలోని పసివాండ్రకు కావలసినది బెదరెడు తల్లియు కాదు, ఏమరెడు తల్లియు కాదు. అడిగి తెలిసికొను తల్లి.